బంగ్లా రాక్ అంటే కలకత్తా ఒక్కటేనా? అయూబ్ బచ్చు గురించి తెలిసినవాళ్లు చెప్పండి

సముద్రపుగాలి
షార్జాలో గోడౌన్‌లో పని చేస్తాను. మా ఫ్లాట్‌లో ఆరుగురం ఉంటాం, నలుగురు బంగ్లాదేశ్ వాళ్లు. పోయిన శనివారం రాత్రి మేడ మీద కూర్చున్నాం. మా రూమ్మేట్ చిట్టగాంగ్ అబ్బాయి. అయిదు తీగలే మిగిలిన గిటార్ ఒకటి ఉంది వాడి దగ్గర. దాని మీద ఒక పాట ఎత్తుకున్నాడు. రెండో లైన్‌కి మిగతా ముగ్గురూ కలిశారు. ముగ్గురివీ మూడు జిల్లాలు, మూడు యాసలు. పాట మాత్రం ఒక్క అక్షరం తప్పకుండా అందరికీ వచ్చు. వాళ్లలో పెద్దాయనకి నలభై ఏళ్లుంటాయి, సెంట్రింగ్ పని. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేశాడు. ఎవరిదీ పాట అని అడిగితే "బచ్చు భాయ్" అన్నారు. అంతకుమించి చెప్పడానికి వాళ్ల హిందీ, నా హిందీ రెండూ చాల్లేదు.

ఇంకో గ్రూపులో అడిగితే ఒకాయన "బంగ్లా రాక్ అంటే కలకత్తానే, అవతల వాళ్లు చేసినవన్నీ కాపీలు" అని తేల్చేశాడు. ఆ రాత్రి ఆ నలుగుర్ని చూశాక నాకు ఆ మాట మింగుడు పడలేదు. ఎవరీయన? ఎక్కడ మొదలుపెట్టి వినాలి?

గిటార్‌తీగ
పూర్తి పేరు అయూబ్ బచ్చు. బ్యాండ్ పేరు ఎల్ఆర్‌బీ. మీరు విన్నది ఎక్కువగా "చోలో బొద్లే జాయి" అయి ఉంటుంది, జనం మొదటి మాటలతో "షేయి తుమి" అంటారు. "సేయి" అని కూడా రాస్తారు, బెంగాలీలో స దాదాపు ష లాగే పలుకుతుంది. 1993లో వచ్చిన "షుఖ్" ఆల్బమ్‌లోది. రాసిందీ, బాణీ కట్టిందీ, పాడిందీ ఆయనే. దగ్గర మనిషి చూస్తూ చూస్తూ పరాయి అయిపోవడం గురించి.

సముద్రపుగాలి
అదే పాట! ఇప్పుడే విన్నాను. థాంక్స్ అన్నా.

పాతక్యాసెట్
ఆ "కాపీ" మాట అన్నాయన మీద కోపం వస్తోంది కాబట్టి వరసగా చెప్తాను.

కలకత్తాలో మొహీనేర్ ఘొడాగులి మొదలైంది 1975లో. గొప్ప బ్యాండే, నాకూ ఇష్టం. కానీ ఢాకాలో ఆజమ్ ఖాన్ అప్పటికే పాడుతున్నాడు. 1950లో ఆజింపూర్‌లో పుట్టాడు. 1971లో బంగ్లాదేశ్ విముక్తి యుద్ధం వచ్చినప్పుడు ఇరవై ఒక్క ఏళ్ల కుర్రాడు. ఇల్లు వదిలి సరిహద్దు దాటి త్రిపురలోని మేలాఘర్ శిబిరానికి వెళ్లి గెరిల్లా శిక్షణ తీసుకున్నాడు. రాత్రిళ్లు శిబిరంలో గిన్నెలూ డబ్బాలూ వాయిస్తూ పాడేవాడట. తర్వాత ఢాకా చుట్టుపక్కల దాడుల్లో పాల్గొన్నాడు. దేశం వచ్చాక తుపాకీ అప్పగించి మైకు పట్టుకున్నాడు. బ్యాండ్ పేరు "ఉచ్చారణ్".

రైలు పట్టాల పక్క మురికివాడలో పుట్టిన బిడ్డ చనిపోతే తల్లి ఏడుపు మీద ఒక పాట ఉంది. 1974 కరువు రోజుల పాట. పల్లవిలో దేశం పేరే అరుస్తాడు, "బంగ్లాదేశ్" అని. మూడేళ్ల కిందట ఆ పేరు కోసం ప్రాణానికి తెగించిన మనిషి, అదే పేరుని అట్లా ఆక్రోశంగా అరవడం వినండి. వెన్నులో వణుకు పుడుతుంది. ఇది ఎవరి కాపీ?

అసలు ఆద్యుడు ఆజమ్ ఖాన్. అయూబ్ బచ్చు తర్వాతి తరం. నా మాట ఇదీ.

కొత్తిమీర
"గ్యాంగ్‌స్టర్" సినిమాలో "భీగీ భీగీ" పాడింది ఈ బచ్చు గారేనా? బంగ్లాదేశ్ ఆయన అని గుర్తు.

గిటార్‌తీగ
కాదు, అది జేమ్స్. నగర్ బావుల్ అనే బ్యాండ్ ఆయనది. 2006. ఆ బాణీ పాతక్యాసెట్ గారు చెప్పిన మొహీనేర్ ఘొడాగులిదే. కలకత్తా బాణీ, ఢాకా గొంతు, ముంబై సినిమా. మనం హైదరాబాద్‌లో కూర్చుని హిందీ పాట అనుకుని విన్నాం.

కొత్తిమీర
ఆహా, ఆ పాట ఇంజనీరింగ్ నాలుగేళ్లూ మా హాస్టల్‌లో మోగింది. ఇన్నాళ్లకి తెలిసింది.

చిట్టగాంగ్_రిటర్న్
2015 నుంచి 2020 దాకా చిట్టగాంగ్‌లో ఉన్నాను, గార్మెంట్స్ ఎక్స్‌పోర్ట్‌లో మర్చండైజర్‌గా. ఊరి పేరు ఇప్పుడు చట్టోగ్రామ్ అని రాస్తారు, నాకు పాత పేరే నోటికొస్తుంది. అక్కడ ఈయన్ని పూర్తి పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. ఏబీ, లేదా బాస్. మా ఫ్యాక్టరీ డ్రైవరు ఏబీ పాట వస్తుంటే ఫోన్ ఎత్తేవాడు కాదు.

1962 ఆగస్టు 16న పుట్టాడు, చిట్టగాంగ్ పక్కన పటియాలో. చిన్నప్పుడు తండ్రి కొనిచ్చిన గిటార్‌తో మొదలు. స్కూల్ రోజుల్లో తోటి కుర్రాళ్లతో ఒక బ్యాండ్. అందులో పాడినవాడు కుమార్ విశ్వజిత్, తర్వాత ఆయనా పెద్ద గాయకుడయ్యాడు. 70ల చివర్లో "ఫీలింగ్స్" బ్యాండ్‌లో వాయించాడు. జేమ్స్ పేరు తెచ్చుకున్నదీ ఆ ఫీలింగ్స్‌లోనే, అదే తర్వాత నగర్ బావుల్ అయింది. చూడండి, ఒకే రేవు పట్నం నుంచి ఎంతమంది వచ్చారో.

1980లో "సోల్స్"లో చేరాడు. అప్పటికే పేరున్న బ్యాండ్, ముందు నిలబడి పాడేది తపన్ చౌధురి. బచ్చు పక్కన నిలబడి గిటార్ వాయించాడు. ఒకటీ రెండూ కాదు, పదేళ్లు. మధ్యలో 1986లో "రొక్తో గోలాప్", 1988లో "మొయ్నా" అని సొంత క్యాసెట్లు తెచ్చాడు. 1990లో సోల్స్ వదిలేశాడు. 1991 ఏప్రిల్‌లో ఎల్ఆర్‌బీ పెట్టాడు. అప్పుడు వెంట ఉన్నవాళ్లు బేస్ మీద స్వపన్, డ్రమ్స్ మీద జోయ్, కీబోర్డ్ మీద టుటుల్. మరుసటి ఏడాదే మొదటి ఆల్బమ్, అదీ ఏకంగా రెండు క్యాసెట్ల జోడీగా వేశారు. బంగ్లాదేశ్‌లో డబుల్ ఆల్బమ్ అదే మొదటిది. ఇంకా ఎవరికీ తెలియని బ్యాండ్, రెండు క్యాసెట్లు కొనండి అని జనాన్ని అడగడానికి ఎంత ధైర్యం కావాలి! జనం కొన్నారు.

పాతక్యాసెట్ గారు ఆజమ్ ఖాన్ గురించి చెప్పినదాంట్లో ఒక్క మాట కూడా కాదనను. బచ్చు తరం వాళ్లంతా ఆయన్ని "గురు" అనే పిలిచారు. కానీ ఆద్యుడు అంటే ముందు నడిచినవాడు ఒక్కడేనా? దారి వేసినవాడు ఒకడు, ఆ దారిని బస్సులు తిరిగే రోడ్డు చేసినవాడు ఇంకొకడు. గిటార్ వాయించేవాడు బ్యాండ్‌ని నడపొచ్చు, పాట రాయొచ్చు, బాణీ కట్టొచ్చు, రికార్డింగ్ చేసుకోవచ్చు, అదే వృత్తిగా ఇల్లు గడుపుకోవచ్చు అని ఒక తరం కుర్రాళ్లకి చూపించింది ఏబీ.

గిటార్‌తీగ
రోడ్డు పోలిక బాగుంది అన్నా. ఒక చిన్న ముక్క కలుపుతాను. ఎల్ఆర్‌బీ అంటే మొదట "లిటిల్ రివర్ బ్యాండ్". ఆస్ట్రేలియాలో అదే పేరుతో పాత బ్యాండ్ ఉందని తెలిశాక, అక్షరాలు మూడూ అలాగే ఉంచి "లవ్ రన్స్ బ్లైండ్" చేశారు.

నల్లరేగడి
పోస్టర్లు మళ్లీ అచ్చు వేయించక్కర్లేకుండా పని అయిపోయింది. తెలివైనవాళ్లు.

పాతక్యాసెట్
@చిట్టగాంగ్_రిటర్న్ రోడ్డు పోలిక ఒప్పుకుంటాను, కానీ సగమే. ఆజమ్ ఖాన్ రోడ్డు వేయలేదని ఎట్లా అంటారు? కొత్త దేశం, టీవీలో పొడుగు జుట్టుతో గిటార్ పట్టుకుని పాడితే పెద్దవాళ్లు ఇది సంస్కృతి కాదని తిట్టిన రోజులు. ఆ తిట్లు ఆయన తిన్నాడు కాబట్టే 80లలో సోల్స్ కాలేజీల్లో హాయిగా పాడగలిగింది. మరి ఆయనకి దక్కిందేమిటి? 2011 జూన్‌లో క్యాన్సర్‌తో పోయాడు. అక్కడి ప్రభుత్వ పెద్ద పురస్కారాల్లో ఏకుశే పదక్ ఇచ్చింది 2019లో, స్వాధీనతా పురస్కారం 2025లో. రెండూ పోయాకే.

చిట్టగాంగ్_రిటర్న్
ఇది నిజం. దీని మీద మీతో వాదం లేదు.

బేస్‌లైన్
నేను వైజాగ్‌లో పదేళ్లుగా బ్యాండ్‌లో వాయిస్తున్నాను, పెళ్లిళ్లు, కాలేజీ ఫెస్టులు. వాయించేవాడి చెవితో ఒకటి చెప్తాను. బచ్చు పాటల్లో గిటార్ సోలో ఎక్కడ మొదలవుతుందో గమనించండి. చాలామందికి సోలో అంటే చరణానికీ చరణానికీ మధ్య ఖాళీ నింపేది. ఈయన పాడుతూ పాడుతూ గొంతు ఇంక పైకి వెళ్లలేని చోట ఆపుతాడు, ఆ స్వరం దగ్గర్నుంచి గిటార్ అందుకుంటుంది. తీగని నెమ్మదిగా పైకి లాగి, అక్కడ పట్టి ఉంచి, వణికించి వదులుతాడు. మన దగ్గర వయొలిన్ విద్వాంసుడు గాయకుడి సంగతిని అందుకుంటాడే, అలా. తేడా ఏంటంటే ఇక్కడ గాయకుడూ వయొలినూ ఒకే మనిషి.

అమెరికన్ రాక్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ అంటే ఆయనకి ప్రాణం. ఆ ప్రభావం దాచుకోలేదు కూడా. కానీ బాణీలు వింటే నది మీద పడవ పాటలు, ఊళ్లో పాటలు వినపడతాయి.

సముద్రపుగాలి గారూ, మీరు 1996 నాటి "ఫెరారి మోన్"తో మొదలుపెట్టండి. అకూస్టిక్ ఆల్బమ్. కరెంటు గిటార్ మోత లేకుండా ఆ పాటలు ఎట్లా నిలబడతాయో తెలుస్తుంది. తర్వాత "షుఖ్", ఆ తర్వాత 1992 నాటి మొదటి జోడీ.

సముద్రపుగాలి
రాసుకున్నాను. ఆ "అందుకోవడం" మాట చదివాక "షేయి తుమి" మళ్లీ విన్నాను. నిజమే, గొంతు ఆగిన చోటే మొదలైంది.

నల్లరేగడి
అందరూ మెచ్చుకుంటున్నారు కాబట్టి నేను అటు పక్కది చెప్తాను, ఏమీ అనుకోవద్దు. 1995లో "కొష్టో" సొంత ఆల్బమ్ పెద్ద హిట్ అయ్యాక బాధ పాటలు ఎక్కువైపోయాయి. 90ల రెండో సగంలో అక్కడ మిక్స్‌డ్ ఆల్బమ్‌ల సీజన్, ఒక్కో క్యాసెట్‌లో పది మంది గాయకులు. ఈయన వాటిల్లో బోలెడు పాడాడు. కొన్ని నిలిచాయి, కొన్ని వారం తిరక్కుండా మరిచిపోయేవి. గొంతు కూడా తపన్ చౌధురి అంత తీపి కాదు. గిటారిస్టుగా నూటికి నూరు ఇస్తాను, గాయకుడిగా డెబ్బై.

చిట్టగాంగ్_రిటర్న్
తీపి గొంతు కాదు, ఒప్పుకుంటా. ఆ గరుకే జనానికి దగ్గరైంది. మిక్స్‌డ్ ఆల్బమ్‌ల మాట నిజమే. కానీ పండగ వస్తే కొత్త క్యాసెట్ కావాలని కంపెనీలు వెంటపడ్డ రోజులవి. పదిమంది వాద్యకారులకి పని దొరికింది. అదీ చూడాలి కదా.

కొత్తిమీర
సినిమా పాటలు పాడలేదా? మనవాళ్లకి పాట అంటేనే సినిమా కదా, అందుకే అడుగుతున్నా.

గిటార్‌తీగ
పాడాడు. 1999లో "అమ్మాజాన్" సినిమాలో అమ్మ మీద పాట. సంగీతం అహ్మద్ ఇంతియాజ్ బుల్బుల్. ఊరూరా మోగింది. దానికి ముందు "లూట్‌తరాజ్"లో ఒక డ్యూయెట్ కూడా.

నల్లరేగడి
రాక్ అభిమానులు అప్పట్లో మొహం చిట్లించారని విన్నాను. బ్యాండ్ మనిషి మాస్ సినిమాకి పాడటమేంటని.

లక్ష్మీ_ఖమ్మం
మొహం చిట్లించినవాళ్లు చిట్లించుకోనీయండి. నేను ఢాకాలో ఎంబీబీఎస్ చదివాను. మా హాస్టల్ మెస్‌లో వంట చేసే ఖాలాకి బ్యాండ్ అంటే ఏమిటో తెలియదు, ఎల్ఆర్‌బీ పేరూ తెలియదు. "అమ్మాజాన్" పాట మాత్రం చేపలు కడుగుతూ పాడుకునేది. ఆమెకి ఆయన ఆ పాటతోనే తెలుసు. ఒక కళాకారుడు అంతదూరం, ఆ వంటింటి దాకా వెళ్లాడంటే అది తక్కువ పని కాదు.

ఆయన పోయిన రోజు నేను అక్కడే ఉన్నాను. 2018 అక్టోబర్ 18, గురువారం. మనకి దసరా రోజులు, వాళ్లకి దుర్గా పూజ నడుస్తోంది. రెండు రోజుల ముందే రంగ్‌పూర్‌లో కచేరీ చేసి వచ్చాడు. పొద్దున గుండెపోటు. 56 ఏళ్లు. ఫస్ట్ క్లాస్‌లో ఎవరి ఫోన్‌లోనో వార్త వచ్చింది, లెక్చరర్‌కి చూపించారు. ఆయన డస్టర్ బల్ల మీద పెట్టి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. అయిదు నిమిషాలు ఎవరం మాట్లాడలేదు. యాభై దాటిన మనిషి, ఎప్పుడూ నవ్వి ఎరగరు.

మర్నాడు ఢాకాలో భాషా ఉద్యమ అమరుల స్మారకం షహీద్ మినార్‌కి తెచ్చారు, చివరి చూపు కోసం. క్లాస్‌మేట్స్‌తో నేనూ వెళ్లాను. వరస ఎక్కడ మొదలైందో కనపడలేదు. వీపు మీద గిటార్లు వేసుకుని వచ్చిన కుర్రాళ్లు ఎంతమందో. ఎవరూ వాయించలేదు, ఊరికే మోసుకొచ్చారు.

బేస్‌లైన్
ఆ గిటార్లు మోసుకొచ్చిన మాట చదివి ఆగిపోయాను అక్కా.

గిటార్‌తీగ
ఆ రాత్రే జేమ్స్ బర్గునాలో కచేరీ చేయాల్సి ఉంది. స్టేజి మీద ఏడుస్తూనే గిటార్ వాయించాడు, వీడియో ఉంది చూడండి. ఈ ఇద్దరిలో ఎవరు గొప్ప అని వాళ్ల అభిమానులు పాతికేళ్లు కొట్టుకున్నారు, మన హీరోల ఫ్యాన్స్ లాగే. ఆ వీడియో చూసినవాళ్లు మళ్లీ ఆ గొడవ పెట్టుకోరు.

కాకినాడ_కాజా
మన తెలుగులో ఇలాంటి బ్యాండ్ కల్చర్ ఎందుకు రాలేదంటారు? సినిమా మింగేసిందా?

నల్లరేగడి
దానికి వేరే థ్రెడ్ పెట్టండి బాబూ, వంద పోస్టులు ఖాయం. నేనూ వస్తాను. ఇక్కడ మాత్రం బచ్చు గారి మాటే నడవనీయండి.

కాకినాడ_కాజా
సరే, రేపు పెడతా. కానీ ఒకటి అడుగుతా, అక్కడ సినిమా లేదా? మరి అక్కడెందుకు మింగలేదు?

పాతక్యాసెట్
సినిమా ఉంది, సంగీత దర్శకులూ ఉన్నారు. ఆజమ్ ఖాన్ సొంత అన్న ఆలమ్ ఖాన్ సినిమా సంగీతంలో మహామహుడు. ఒకే ఇంట్లో అన్న సినిమాకి, తమ్ముడు వీధికి. నేను గమనించింది ఏంటంటే అక్కడ కొత్త దేశానికి కొత్త గొంతు కావాల్సి వచ్చింది. విశ్వవిద్యాలయాల కుర్రాళ్లు ఆ గొంతుని బ్యాండ్లలో వెతుక్కున్నారు. 1990 డిసెంబర్ మొదట్లో సైనిక పాలకుడు ఎర్షాద్ గద్దె దిగిపోయాడు, అదే నెల 16న విజయ దినం నాడు బ్యాండ్లన్నీ కలిసి ఢాకా యూనివర్సిటీలో ఆరుబయట కచేరీ పెట్టాయి. ఎల్ఆర్‌బీ పుట్టింది సరిగ్గా ఆ గాలిలోనే, నాలుగు నెలల తర్వాత.

చిట్టగాంగ్_రిటర్న్
ఇది మంచి పాయింట్. నేను అలా కలిపి చూడలేదు.

బేస్‌లైన్
ఒక విషయం నన్ను చాలా బాధపెట్టింది, ఇక్కడ చెప్పాలి. 2018లోనే, పోవడానికి కొన్ని నెలల ముందు, తన గిటార్లలో కొన్ని అమ్ముతానని ఫేస్‌బుక్‌లో పెట్టాడు. కుర్ర గిటారిస్టుల కోసం దేశమంతా కార్యక్రమం చేయాలని ఆశ, డబ్బు పెట్టేవాళ్లు దొరకలేదు. ఏళ్ల తరబడి ఒక్కొక్కటే పోగేసుకున్న గిటార్లు అవి. వాయించేవాడికి గిటార్ అంటే ఏమిటో నాకు తెలుసు. మా చెల్లి పెళ్లికి నా పాత గిటార్ ఒకటి అమ్మాను, ఇప్పటికీ ఆ షాపు ముందు నుంచి వెళ్లను. ఆయన అమ్ముతానన్నది సొంత అవసరానికి కాదు, ముక్కూ మొహం తెలియని పిల్లల కోసం.

లక్ష్మీ_ఖమ్మం
మొగ్‌బజార్‌లో ఆయన స్టూడియో పేరు "ఏబీ కిచెన్". వంటగది. మా సీనియర్ ఒకడు అక్కడికి వెళ్లి వచ్చాడు, నెల రోజులు అదే చెప్పాడు. కొత్త కుర్రాళ్లు వెళ్తే కూర్చోబెట్టి వాయించమనేవాడట.

సముద్రపుగాలి
ఇవన్నీ మా రూమ్మేట్‌కి హిందీలో చెప్పడానికి ప్రయత్నిస్తున్నాను. "ఏబీ కిచెన్" అనగానే వాడు మంచం మీద లేచి కూర్చున్నాడు. మీకెలా తెలుసు అంటాడు! "రూపాలి గిటార్" వినమని చెప్పాడు. దాని సంగతేంటి?

గిటార్‌తీగ
రూపాలి అంటే వెండి రంగు. వెండి గిటార్. అదీ "షుఖ్"లోదే. రాసింది కవుసర్ అహ్మద్ చౌధురి. ఈ గిటార్ వదిలేసి ఒకరోజు దూరంగా వెళ్లిపోతానని చెప్పే పాట. 1993లో మామూలు వీడ్కోలు పాట. 2018 తర్వాత దాన్ని ఎవరూ అట్లా వినలేకపోతున్నారు.

చిట్టగాంగ్_రిటర్న్
ఆ పాట గుర్తుగానే చిట్టగాంగ్‌లో ప్రబర్తక్ కూడలిలో స్టీలు గిటార్ నిలబెట్టారు, 2019 సెప్టెంబర్‌లో. పద్దెనిమిది అడుగులు. మా ఆఫీసుకి ఆ దారే. మొదటి వారం అక్కడ ట్రాఫిక్ కదిలేది కాదు, సీఎన్‌జీ ఆపి ఫోటోలు. (అక్కడ ఆటోని సీఎన్‌జీ అంటారు.) వానాకాలం సాయంత్రం బస్సుల హెడ్‌లైట్లు ఆ స్టీలు మీద పడితే నిజంగానే వెండిలా మెరుస్తుంది. ఆయన్ని ఆ ఊళ్లోనే తల్లి సమాధి పక్కన పెట్టారు. దేశమంతా తిరిగినవాడు చివరికి అమ్మ దగ్గరికే చేరాడని మా డ్రైవరు అనేవాడు.

నా దగ్గరున్న ఫోటో ఒకటి కింద పెడుతున్నాను. రిక్షా ఒకటి అడ్డం వచ్చింది, ఏమీ అనుకోకండి.

కొత్తిమీర
రిక్షా ఉంటేనే బాగుంది.

పాతక్యాసెట్
ఫోటో బాగుంది. ఆజమ్ ఖాన్ సమాధి మీర్‌పూర్‌లో ఉంది, ఎప్పుడైనా ఢాకా వెళ్తే చూడాలని నా కోరిక. ఇద్దరినీ వినండి. వరస మాత్రం గురువుతో మొదలుపెట్టండి, ఈ ఒక్కటీ నేను వదలను.

చిట్టగాంగ్_రిటర్న్
వదలొద్దు. ఏబీ ఉండి ఉంటే మీ పక్షమే మాట్లాడేవాడు.

సముద్రపుగాలి
ఫోటో మా రూమ్మేట్‌కి చూపించాను. వాడు 2017లో ఇక్కడికి వచ్చాడు, మళ్లీ ఊరికి పోలేదు. ఆ గిటార్ నిలబెట్టారని విన్నాడు కానీ చూడలేదు. ఫోన్ తీసుకుని చాలాసేపు పెద్దది చేసి, చిన్నది చేసి చూశాడు. చివరికి గిటార్ మీద కాదు, వెనకాల మూల మీద వేలు పెట్టాడు. "కాలేజీకి బస్ ఇక్కడే ఎక్కేవాణ్ణి" అన్నాడు. అక్కడ టీ కొట్టు ఒకటి ఉండాలట, ఫోటోలో రిక్షా అడ్డం వచ్చి కనపడటం లేదు. ఎడమ పక్క కనిపించేలా తీసింది ఇంకోటి ఉందా అని అడగమంటున్నాడు.

చిట్టగాంగ్_రిటర్న్
ఆ కొట్టు నాకు తెలుసు, పొద్దున ఏడింటికే తీసేవాడు. పాత ఫోన్‌లో ఉండాలి, ఛార్జర్ వెతికి ఈ రాత్రి పెడతాను. వాణ్ణి పడుకోవద్దని చెప్పండి.